హీరో బదులు గుర్రమెక్కిన కరీంనగర్ పిలగాడు

'హ్యాపీ డేస్' షూటింగ్ ముచ్చట్లు మన హాస్టల్లో చాలామందికి కంఠతా వచ్చు. వాళ్లు పుట్టినప్పుడో, పాకుతున్నప్పుడో వచ్చిన సినిమా అయినా సరే, నిన్న మొన్న సెట్లో నిలబడి చూసినట్టే చెప్తారు. ఈ సంచికలో నేను చెప్పబోయేది దానికంటే 78 ఏళ్ల ముందటి యూత్ సినిమా సంగతి. పేరు 'జగ్‌మగ్‌తీ జవానీ'. మన మాటల్లో చెప్పుకుంటే మిలమిల మెరిసే పడుచుదనం. 1929లో బొంబాయిలో తీసిన మూకీ సినిమా. హీరో మాధవ్ కాలే. కానీ గుర్రం మీద దౌడు తీసినా, కత్తి తిప్పినా, కర్రసాము చేసినా, అక్కడ కదిలిన ఒళ్లు కాలేది కాదు. ఆయనకు అవి రావు. ఆయన బట్టలు తొడుక్కుని ఆ పనులన్నీ చేసినోడు మన కరీంనగర్ పిలగాడు. తర్వాతి కాలంలో దేశమంతా పి. జైరాజ్‌గా తెలిసిన పైడి జైరాజ్.

ఇంటర్నెట్‌లో ఆయన కోసం వెతికితే మొదటి సినిమా దగ్గర 'స్టార్ క్లింగ్ యూత్' అనే వింత పేరు తగుల్తది. ఏ భాషలోనూ దానికి అర్థం లేదు. 'స్పార్క్‌లింగ్ యూత్' అని ఉండాల్సిన ఇంగ్లిష్ పేరు ఎవరి టైపింగ్‌లోనో విరిగిపోయింది. తర్వాత వచ్చినోళ్లంతా, మనం ల్యాబ్ రికార్డు దించినట్టు, తప్పుతో సహా దించుకుంటూ పోయారు. డూప్లికేట్‌గా మొదలైన మనిషి జీవితంలో ఇలాంటి డూప్లికేట్ తప్పు ఒకటి ఇన్నేళ్లు బతకడం నాకైతే నవ్వు తెప్పించింది.

జైరాజ్ 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టాడు. అసలు పేరు పైడిపాటి జైరుల నాయుడు. అప్పటికి మన ఊరు జిల్లా కేంద్రమై నాలుగేళ్లే. 1905 దాకా జిల్లాకు ఎలగందుల పేరే ఉండేది. సరోజినీ నాయుడికి ఆయన మేనల్లుడి వరస అవుతాడు. ఇంట్లో తెలుగు, కచేరీలో బజార్లో ఉర్దూ, పై చదువుకు పోతే ఇంగ్లిష్. నిజాం రాజ్యంలో చదువుకున్న పిల్లలందరికీ ఉండే మూడు నాలుకలు ఆయనకూ ఉన్నాయి. హైదరాబాద్ నిజాం కాలేజీలో చేరాడు. ఆ కాలేజీ అప్పుడు మద్రాస్ యూనివర్సిటీ కింద ఉండేది. పాఠాలు ఇంగ్లిష్‌లో, నాటకాలు షేక్‌స్పియర్‌వి. ఆ నాటకాల్లో వేషం కట్టడంతోనే పురుగు కుట్టింది. పై చదువులకు విదేశం పోవాలని ఆశపడ్డాడు, ఇంట్లో ఒప్పుకోలేదు. అలిగి బొంబాయి బండెక్కాడు. ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న వయసు. మనలో సగం మంది ఆ వయసులో ఇంటికి ఫోన్ చేసి మెస్సు కూర బాలేదని చెప్పుకుంటున్నాం.

ఇక్కడ ఒక మాట. కరీంనగర్ నుంచి బొంబాయి పోవడం మనకు కొత్త కాదు. కామాటిపురకు ఆ పేరు పడ్డదే నిజాం ఇలాకా నుంచి పోయి అక్కడ మట్టి మోసి, రాళ్లు కొట్టి, గోడలు లేపిన తెలుగు కామాటీల వల్ల. సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ దిక్కు ఊళ్లల్లో బొంబాయికో భీవండికో పోయిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. మా తాత కూడా కొన్నేళ్లు అక్కడ బిల్డింగు పని చేసొచ్చాడు. ఫలానా కాడ ఫలానా ఎత్తు బిల్డింగులో నా చెయ్యి ఉంది అని చెప్పేవాడు గానీ, ఆ బిల్డింగు మీద రాసి ఉన్న పేరు మాత్రం ఎప్పుడూ వేరే వాళ్లది. జైరాజ్ చదువుకున్నోడు, మంచి కుటుంబం నుంచి పోయినోడు, కూలి మనిషి కాదు. అయినా బొంబాయిలో ఆయనకు దొరికిన మొదటి సినిమా పని మాత్రం అచ్చంగా అదే లెక్క. ఒళ్లు ఆయనది, పేరు ఇంకొకరిది.

మూకీ సినిమాలో డూప్ పని ఎట్లా ఉండేదో కొంచెం వివరంగా చెప్తాను. మన బ్రాంచి పిల్లలకు ఇందులో చూసుకోవడానికి చాలానే ఉంది. కెమెరాకు మోటారు లేదు. కెమెరామన్ కుడిచేత్తో పిడి పట్టుకుని తిప్పుతూ ఉంటే లోపల ఫిల్ము నడిచేది. మామూలుగా సెకనుకు పదహారు ఫ్రేముల దగ్గర తిప్పేవాళ్లు. గుర్రం దౌడు, కత్తి యుద్ధం లాంటి సీన్లకు చెయ్యి నెమ్మది చేసి పన్నెండు, పద్నాలుగు దగ్గర తిప్పితే, తర్వాత హాల్లో మామూలు వేగంతో వేసినప్పుడు గుర్రం గాలిలో పోతున్నట్టు కనిపించేది. అంటే స్పీడ్ ఎఫెక్ట్ అనేది సాఫ్ట్‌వేర్‌లో లేదు, ఒక మనిషి మణికట్టులో ఉంది. కానీ ఆ మణికట్టు చేయగలిగింది వేగం పెంచడమే. కింద పడే మనిషికి దెబ్బ తగలకుండా చేయడం దానికి చేతకాదు. నడుముకు తాడు కట్టి వేలాడదీసి, ఆ తాడును కంప్యూటర్‌లో చెరిపేసే రోజులు కావు. కింద నేల, పైన గుర్రం, మధ్యలో మనిషి. అంతే.

లైట్ల పని ఎక్కువగా ఎండే చేసేది. ఫిల్ముకు వెలుతురును పట్టుకునే శక్తి తక్కువ. అందుకే పైకప్పు లేని సెట్లు వేసి, మీద తెల్లటి బట్టలు కట్టి, మెరిసే రేకులతో వెలుగును మొఖం మీదికి తిప్పేవాళ్లు. పాత రకం ఫిల్ముకు ఎరుపు కనపడదు, నల్లగా పడేది. మన మొఖాల్లో ఎరుపు ఛాయ ఎక్కువ కాబట్టి నటులు తెల్లటి పూత దట్టంగా పూసుకునేవాళ్లు. బొంబాయి ఉక్కపోతలో ఆ పూత, పైన రాజకుమారుడి బట్టలు, నెత్తిన పాగా. ఇక గుర్రమెక్కమంటే ఎక్కాలి.

డూప్‌కు మాత్రం ఆ పూత పెద్దగా అవసరం ఉండేది కాదు. ఎందుకంటే ఆయన మొఖం తెర మీద పడకుండా చూడటమే పనిలో ముఖ్యమైన భాగం. దూరం నుంచి తీస్తారు, వెనక నుంచి తీస్తారు, దుమ్ము లేపి ఆ దుమ్ములో తీస్తారు. గుర్రం ఆగాక కట్ చేసి, అదే బట్టల్లో హీరోను నిలబెట్టి దగ్గర్నుంచి ఒక షాట్. చూసేవాళ్ల మనసు ఆ రెండు ముక్కలను అతికించుకుంటుంది. అంటే బాగా చేసిన డూప్ అంటే అసలు ఉన్నాడని ఎవరికీ తెలియని డూప్. పొరపాటున ఒక్క ఫ్రేములో మొఖం తిరిగితే ఆ షాట్ పనికిరాదు, మళ్లీ గుర్రమెక్కాలి. నాటకాల్లో స్టేజీ మధ్యలో నిలబడి షేక్‌స్పియర్ చెప్పిన కుర్రాడికి, మొఖం తిప్పుకుని దూకడం నేర్చుకోవాల్సి రావడం ఎంత కష్టమో చూడండి.

కర్రసాము మాటకొస్తే, మన దిక్కు దానికి బడి అక్కర్లేదు. పీరీల పండుగ నాడు మన ఊళ్లల్లో కర్ర తిప్పే వాళ్లను చూస్తూ పెరిగిన పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. బొంబాయి సినిమా కంపెనీలకు అప్పుడు కావాల్సింది సరిగ్గా అలాంటి వాళ్లే. హాలీవుడ్ డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ ఊగుతూ దూకుతూ చేసిన సినిమాలు చూసి జనం మోజు పడ్డారు. ఇక్కడి హీరోలూ అట్లనే చేయాలి. చేతనైనోళ్లు తక్కువ. ఆ ఖాళీలోంచే జైరాజ్ లోపలికి దూరాడు.

ఎక్కువ రోజులు పట్టలేదు. యంగ్ ఇండియా పిక్చర్స్ వాళ్లు ఆయన్ని 'రసీలీ రాణి'లో హీరోగా తీసుకున్నారు. నెలకు 35 రూపాయలు, మూడు పూటల తిండి. అప్పట్లో సినిమా వాళ్లు ఇప్పటిలా సినిమాకు ఇంతని మాట్లాడుకునేవాళ్లు కాదు, నెల జీతగాళ్లు. అక్కడి నుంచి శారదా ఫిల్మ్ కంపెనీకి పోతే జీతం 75 అయింది. జెబున్నీసా అనే నటితో వరసగా సినిమాలు చేశాడు. ఆ జంటను హాలీవుడ్ జంట గిల్బర్ట్, గార్బోలతో పోల్చేవాళ్లట. మొఖం దాచుకోవడం నేర్చుకున్న మనిషి మొఖానికి అప్పుడు గిరాకీ వచ్చింది.

ఇంతలోనే నేల కదిలింది. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ హాల్లో 'ఆలం ఆరా' విడుదలైంది. సినిమా మాట్లాడింది. ఆ సినిమా హీరో మాస్టర్ విఠల్ అదే శారదా కంపెనీలో ఫైటింగ్ సినిమాల రాజు. కాంట్రాక్టు మధ్యలో వెళ్లిపోయాడని కంపెనీ కోర్టుకెక్కితే, ఆయన తరఫున వాదించి గెలిచింది మహమ్మద్ అలీ జిన్నా. అంత గొడవపడి తెచ్చుకున్న హీరోకు తీరా ఉర్దూ, హిందీ మాట తిరగలేదు. సినిమాలో చాలా భాగం ఆయన పాత్ర సోయి లేనట్టు ఉండేలా సర్దుకోవాల్సి వచ్చింది. కండ ఉండి గొంతు లేని హీరోలు ఒక్కొక్కరే పక్కకు జరగడం మొదలైంది.

జైరాజ్ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మలుపు ఇదే. తెలుగు మాతృభాష అయిన పిలగాడు బొంబాయి టాకీల్లో నిలబడడానికి పనికొచ్చింది ఎక్కడా కోర్సు చేసి నేర్చుకున్నది కాదు, హైదరాబాద్ రాజ్యంలో పెరిగినందుకు నాలుక మీద ఊరికే వచ్చి కూర్చున్న ఉర్దూ. ఆ ఉర్దూను మనం ఇవాళ సగం ఎగతాళిగా, సగం ప్రేమగా రీల్స్‌లో వాడుకుంటున్నాం. టాకీలు వచ్చిన తొలి రోజుల్లోనే 'షికారీ'లో మాట్లాడే హీరో అయ్యాడు. మరో సంగతి చెప్పాలి. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా తయారైంది బొంబాయిలోనే, 1932లో విడుదలైంది. అదే ఊళ్లో తెలుగు సినిమా పుట్టింది, అదే ఊళ్లో మన జైరాజ్ హిందీ సినిమాలో ఎదిగాడు. తెలుగు సినిమా తర్వాత మద్రాసుకు మకాం మార్చింది. ఆయన బొంబాయిలోనే ఉండిపోయాడు. తెలుగును వదిలేశాడని కొందరు నిష్ఠూరంగా అంటారు, నాకది న్యాయం అనిపించదు. కరీంనగర్ వాళ్లకు అప్పట్లో మద్రాసు కంటే బొంబాయే సొంతూరు లెక్క. భాష కలిసింది, బండి కలిసింది, ముందే పోయిన జనం ఉన్నారు.

1938లో బాంబే టాకీస్ 'భాభీ' ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ తీశాడు, రేణుకాదేవి హీరోయిన్. ఆ రోజుల్లో బాంబే టాకీస్ అంటే మనవాళ్లకు ఐఐటీ లాంటిది. ల్యాబ్, క్యాంటీన్, క్రమశిక్షణ, విదేశీ టెక్నీషియన్లు అన్నీ ఉండేవి. 1943లో అక్కడే దేవికారాణి పక్కన 'హమారీ బాత్' చేశాడు. ఆమెకు అదే చివరి సినిమా. అందులో ఒక చిన్న వేషంలో రాజ్ కపూర్ అనే కుర్రాడు కనిపిస్తాడు. 1945లో జైరాజ్ కెమెరా వెనక్కి వెళ్లి 'ప్రతిమ'కు దర్శకత్వం చేశాడు. అందులో హీరో దిలీప్ కుమార్, అది ఆయన రెండో సినిమా. దిలీప్ కుమార్‌కు యాక్షన్ చెప్పినోడు కరీంనగర్‌లో పుట్టినోడు అని మన బ్యాచ్‌లో ఎంతమందికి చెప్పానో. సగం మంది ఫోన్ తీసి వెతికి చూసిగానీ నమ్మలేదు.

అన్నీ గెలుపులే కావు. 1951లో సొంత డబ్బుతో 'సాగర్' తీశాడు. ఇంగ్లిష్ కవి టెనిసన్ రాసిన 'ఈనాక్ ఆర్డెన్' దానికి ఆధారం. సముద్రంలో పోయాడనుకున్న మనిషి ఏళ్ల తర్వాత ఊరికి తిరిగొస్తాడు. భార్య ఇంకొకరిని పెళ్లి చేసుకుని పిల్లలతో సుఖంగా ఉండటం బయటి నుంచి చూస్తాడు. తానెవరో చెప్పకుండానే వెనక్కి తిరుగుతాడు. తన కష్టార్జితం పెట్టి తీయడానికి ఆయన వేరే ఏ కథా ఎంచుకోలేదు, మొఖం చూపించకుండా వెళ్లిపోయే మనిషి కథే ఎంచుకున్నాడు. నేనేదో లేనిపోని లింకు పెడుతున్నానని మీరు అనుకోవచ్చు. అనుకోండి, నాకు మాత్రం అట్లనే తోస్తుంది. సినిమా ఆడలేదు, బాగా నష్టపోయాడు. మళ్లీ సొంతంగా సినిమా తీసే జోలికి పోలేదు.

యాభైల్లో, అరవైల మొదట్లో ఆయన చరిత్ర సినిమాల మనిషి. 1954లో వచ్చిన భగత్ సింగ్ సినిమాలో చంద్రశేఖర్ ఆజాద్, 1956లో 'హాతిమ్ తాయ్', 'అమర్ సింగ్ రాథోడ్', తర్వాత 'టిపు సుల్తాన్', 'వీర్ దుర్గాదాస్', 'రజియా సుల్తానా'. 1961లో 'జై చిత్తోడ్'లో రాణా ప్రతాప్ అయ్యాడు, అంటే చేతక్ అనే గుర్రం మీద తిరిగే వేషం. యాభై దాటిన వయసులో మళ్లీ జీను, మళ్లీ కత్తి. ఈసారి మొఖం కెమెరా వైపే. ఇవి చాలావరకు పెద్ద బడ్జెట్ సినిమాలు కావు. విమర్శకులు వీటి గురించి ఎక్కువ రాయలేదు. చిన్న ఊళ్ల టాకీసుల్లో, జాతర డేరాల్లో మాత్రం ఏళ్ల తరబడి ఆడాయి. మధ్యలో హాలీవుడ్ వాళ్లు ఇండియాకు వస్తే వాళ్లతోనూ పనిచేశాడు. గాంధీ హత్య మీద తీసిన 'నైన్ అవర్స్ టు రామా'లో జి.డి. బిర్లా పాత్ర ఆయనదే. ఇద్దరు పిలగాళ్లు, ఒక ఏనుగు ఉన్న 'మాయా'లోనూ ఉన్నాడు.

ఆ తర్వాతి ఇరవై ఏళ్ల సంగతి చాలామంది జీవిత చరిత్రల్లో ఒక్క వాక్యంలో ముగిస్తారు, చిన్న చిన్న పాత్రలు వేశాడని. నాకు ఆ వాక్యం దగ్గర ఆగబుద్ధవుతుంది. దిలీప్ కుమార్‌ను డైరెక్ట్ చేసిన మనిషి, రాణా ప్రతాప్ వేసిన మనిషి, 'షోలే'లో పోలీస్ కమిషనర్‌గా కాసేపు కనిపించి వెళ్లిపోయాడు. 1978 నాటి 'డాన్'లో జీనత్ అమన్ పాత్రకు జూడో, కరాటే నేర్పే గురువుగా వచ్చాడు. అప్పటికి దగ్గర దగ్గర డెబ్బై ఏళ్లు. పేరున్న హీరోలు ఇట్లాంటి వేషాలకు చాలామంది ఒప్పుకోరు, ఇంట్లో కూర్చుంటారు. జైరాజ్ కూర్చోలేదు. డూప్‌గా మొదలైనోడికి పాత్ర ఎన్ని నిమిషాలుంది అన్న లెక్క పెద్ద లెక్క కాదేమో. పొద్దున్నే సెట్‌కు పోవాలి, బట్టలు వేసుకోవాలి, చెప్పిన పని చేయాలి. మన సీనియర్లు పెద్ద ప్యాకేజీ రాకపోతే జాబే వద్దని ఏడాది ఖాళీగా ఉండటం చూస్తుంటే ఆయన గుర్తొస్తాడు. అట్లా ఉండటం తప్పని అనను. ఎవరి లెక్క వాళ్లది.

1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ఇచ్చారు. తెలుగువాళ్లలో ఆయనకంటే ముందు బి.ఎన్. రెడ్డికే అది దక్కింది. ఎల్వీ ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, వీళ్లంతా తర్వాతే. తెలంగాణ గడ్డ మీద పుట్టినోళ్లలో మొదటివాడు ఈయనే. అవార్డు తీసుకున్నాక కూడా నటన ఆపలేదు. 1995లో వచ్చిన 'గాడ్ అండ్ గన్' ఆయన ఆఖరి సినిమాల్లో ఒకటి. మూకీ, టాకీ, రంగులు, సినిమాస్కోప్, వీడియో క్యాసెట్, కేబుల్ టీవీ, ఇన్నిటినీ పని చేస్తూనే దాటాడు.

2000 ఆగస్టు 11న ముంబైలో చనిపోయాడు. తొంభై నిండాయి, తొంభై ఒకటికి నెలన్నర తక్కువ. అదే ఏడాది ఎండాకాలం చివర్లో ఇక్కడ తేజ 'చిత్రం' విడుదలైంది. కాలేజీ పిలగాళ్లు హాళ్ల ముందు కొట్టుకుంటున్నారు, తెలుగులో కొత్త రకం యూత్ సినిమా మొదలైందని పేపర్లు రాస్తున్నాయి.

'జగ్‌మగ్‌తీ జవానీ'ని మనం చూడలేం. మన దేశంలో పదమూడు వందలకు పైగా మూకీలు తీస్తే, ఇవాళ పూర్తిగా మిగిలినవి చాలా తక్కువ. ఆ ఫిల్ము నైట్రేట్‌ది, తొందరగా అంటుకుంటుంది, ఎండకు తేమకు జిగురై పొడైపోతుంది. పాత రీళ్లను వెండి కోసం కరిగించి అమ్ముకున్నోళ్లూ ఉన్నారు. అందువల్ల ఆ దుమ్ములో ఉన్నది కాలేనో జైరాజో చూసి పట్టుకునే అవకాశం ఇప్పుడు ఎవరికీ లేదు. హైదరాబాద్ రవీంద్రభారతిలో ఉన్న చిన్న సినిమా హాలుకు మాత్రం పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ అని పేరు పెట్టారు. అక్కడ వారాంతాల్లో కొత్తగా షార్ట్ ఫిల్ములు తీసిన పిల్లలు తమ సినిమాలు వేసుకుని చూపించుకుంటూ ఉంటారు. 2025లో గద్దర్ ఫిల్మ్ అవార్డుల్లో ఆయన పేరు మీద పెట్టిన పురస్కారం మణిరత్నంకు ఇచ్చారు. మన ఫిల్మ్ క్లబ్ వాళ్లు వచ్చే సెమిస్టర్‌లో తీయబోయే షార్ట్ ఫిల్ములో హీరోకు బైక్ రాదట, డూప్ కోసం వెతుకుతున్నారు. ఆసక్తి ఉన్నోళ్లు వాళ్లను కలవండి. పేరు టైటిల్స్‌లో వేస్తామన్నారు.